నాగమల్లేశ్వరి పాస్ చెయ్యని టీవీ

నాగమల్లేశ్వరి చేతిలో పాసవ్వడం అంటే మాటలు కాదు. సింగపూర్ ఆంగ్ మో కియోలో ఒక ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా ఆవిడ చేస్తున్న పని అదే. కంప్యూటర్ లోపల గిర్రున తిరిగే బిళ్లలుంటాయి, అద్దంలా మెరుస్తూ. వాటిని ఒక్కొక్కటీ పెద్ద దీపం కింద పట్టుకుని, ఇటు వంచి అటు వంచి చూడాలి. గీత గాని, నలుసు గాని కనబడిందా, ఎర్ర డబ్బాలోకి విసరాలి. లేకపోతే నీలం ట్రేలో పెట్టాలి. ఈ చూపు ఇంటికొచ్చాక కూడా ఆవిడ్ని వదల్లేదు. కాఫీ షాపులో గ్లాసు ఎత్తి లైటుకి పెట్టి చూసేది. ఎప్పుడో పెళ్లిచూపులకొచ్చిన జయరాం మొహాన్ని కూడా కిటికీ వెలుగులోకి తిప్పి చూసిందని ఆవిడ చెల్లెలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పాసైతే చేసింది గాని, పాపం సరుకు ఎక్కువ కాలం నడవలేదు. గుండాగి పోయి పదకొండేళ్లయింది.

ఆవిడ తాత తెల్లదొరల కాలంలో భీమిలి నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ నౌకలకి రంగులేసుకుంటూ ఉండిపోయాడు. నాగమల్లేశ్వరి భీమిలి మొహం చూడలేదు. నోట్లో మాత్రం భీమిలి యాస అలాగే ఉంది, మధ్యమధ్య అరవం, మలయ్ కలిసి.

ఫ్యాక్టరీలో మడి ఆవిడ నాయనమ్మ మడికి తాతలాంటిది. బిళ్లలున్న గదిలోకి వెళ్లాలంటే తలలో పూలు తియ్యాలి, నూనె ఉండకూడదు, పౌడరు ఉండకూడదు, సెంటు ఉండకూడదు, నుదుట బొట్టు కూడా తుడిచెయ్యాలి. ఆ తర్వాత నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్ల తొడుగు. "నాయనమ్మ బొట్టైనా ఉండనిచ్చేదే!" అని మొదట్లో గొణిగేది. తర్వాత ఆవిడకే ఆ మడి మీద మోజు పుట్టింది. కొత్తగా చేరిన పిల్లల్ని తలుపు దగ్గరే ఆపి, ముక్కు పెట్టి వాసన చూసి, "పో, మొహం కడుక్కో" అని తిప్పి పంపేది. ఎవరూ చెప్పమనలేదు.

ఇంత మడికట్టుకున్న మనిషి ఏడాదిన్నరగా ఒక అబద్ధం మోస్తోంది. ఎడమ కన్ను పోయింది. మెల్లగా పోయింది, పక్కనుంచి మసక మొదలై మధ్యకొచ్చింది. కంపెనీ డాక్టరు దగ్గరకెళ్తే బండారం బయటపడుతుందని క్లెమెంటిలో బయట డాక్టరుకి చూపించుకుంది. "నరం ఎండిపోయిందమ్మా, ఇక రాదు" అన్నాడాయన. మరి ఫ్యాక్టరీలో ఏటా కంటి పరీక్ష ఉంటుంది కదా? ఉంటుంది. ఆవిడ తలుపు బయట వరసలో నిలబడి, ముందువాళ్లు గట్టిగా చదువుతుంటే విని, అక్షరాలన్నీ కంఠస్థం చేసింది. వంతొచ్చాక కుడికన్ను మూసుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు పై వరస నుంచి కింది వరస దాకా గడగడా అప్పజెప్పేసింది. డాక్టరు భేష్ అన్నాడు.

సంగతి తెలిస్తే ఆ బల్ల ముందునుంచి లేపేస్తారు. ఒంటికన్నుతో చూసేవాళ్లకి అక్కడ చోటు లేదు. పిల్లల్లేరు, మొగుడు లేడు. ఆ బల్ల, ఆ దీపం, పక్క బల్ల దగ్గర పందొమ్మిదేళ్లుగా తోడున్న స్నేహితురాలు సల్మా, అంతే ఆవిడ సంసారం. అది పోవడమంటే ఆవిడకి చావుతో సమానం.

ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉందని ఆవిడ నమ్మకం. పై అంతస్తులో ఉండే మహతి. డాక్టరు దగ్గరికి తోడొచ్చింది ఆ పిల్లే. బంగారంలాంటి పిల్ల, ఒకటే లోపం, మొగుడి దగ్గర ఏదీ దాచలేదు.

ఆ మొగుడు కృష్ణప్రసాద్. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. డిసెంబరు దాటి రెండు వేలు రాగానే కంప్యూటర్లన్నీ మతిపోయి పంతొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయని ప్రపంచమంతా వణుకుతున్న రోజులు. ఆ మతి సరిచెయ్యడానికి విమానాల నిండా తెలుగు కుర్రాళ్లు దిగారు, వాళ్లలో ఇతనొకడు. సొంతూరు తెనాలి. నాగమల్లేశ్వరి ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు. ఆదివారాలు మాత్రం అతని హోదా వేరు. తెలుగు ప్రార్థన కూటానికి అతనే పెద్ద. ముప్పై మంది వాళ్ల ఫ్లాటు హాల్లో చాపల మీద ఇరుక్కుని కూర్చుంటే, ఇతను పాతకాలపు ఇశ్రాయేలీయుల గుడి గురించి రెండేసి గంటలు చెప్పేవాడు. ఏ జంతువు బలికి పనికొస్తుంది, ఏది పనికిరాదు, గుడ్డిది తేకూడదు, కుంటిది తేకూడదు, గజ్జి ఉన్నది తేకూడదు, యాజకుడు, అంటే ఆ గుడి పూజారి, ప్రతిదాన్నీ పట్టుకుని వెంట్రుక వెంట్రుకా చూసేవాడు.

నాగమల్లేశ్వరి ఆ మతం కాదు. మహతి చేసే పులిహోర కోసం ఒకటి రెండు సార్లు వెళ్లింది. శవాన్ని ముట్టుకున్నవాడు మైల, స్నానం చేసి బట్టలుతుక్కుంటే గాని గుడికి రాకూడదని అతను చెప్తుంటే ఉండబట్టలేక, "అదేటి బాబూ, మాదీ అదే కదా! మరి మీరూ మేమూ ఎక్కడ వేరుపడ్డాం?" అనడిగింది. అతను దగ్గి, పాటందుకున్నాడు.

ఆ కూటానికి ఏటా కోతపండగ ఉంది. ఊళ్లో అయితే తొలిపంట తెస్తారు, గుమ్మడికాయో, కోడిపెట్టో, బస్తా ధాన్యమో. సింగపూర్ ఫ్లాటులో కోతకొచ్చేది ఏముంది, కుండీలో కరివేపాకు తప్ప? అందుకని తలా ఒక వస్తువూ తెచ్చి దేవుడి పేరు మీద పెడితే, జురాంగ్ ఐలాండ్ ప్లాంటుల్లో పనిచేసే తెలుగు కూలీలకి పంచేవారు. తీసుకెళ్లడానికి వచ్చేవాడు రాజారావు అని శ్రీకాకుళం వెల్డరు. కిందటేడు వాళ్లకి చేరినవి పురుగుల బియ్యం, తేదీ దాటిన డబ్బాలు, నోరు పెగలని రేడియో. రాజారావు మర్యాదస్తుడు, దండం పెట్టి తీసుకెళ్లి అవతల పారబోశాడు. ఆ మాట తిరిగి తిరిగి కృష్ణప్రసాద్ చెవిన పడింది. అతనికి నిజంగానే ఒళ్లు మండింది, అబద్ధమెందుకు.

"ఈ ఏడు ప్రతి అర్పణా పరీక్ష చేసే తీసుకుంటాం. దోషముంటే వాపస్!" అన్నాడు. చూసేదెవరు? కూటంలోవాళ్లు చూస్తే తగాదాలు. "మన కింద ఫ్లాటు ఆంటీ ఉన్నారుగా. పందొమ్మిదేళ్ల అనుభవం. పైగా బయటివాళ్లు, ఎవరి పక్షమూ కాదు" అన్నాడు. అలా ఇశ్రాయేలు యాజకుడి పని భీమిలి నాగమల్లేశ్వరికి దక్కింది. ఆవిడ కాదనలేదు సరికదా, ముందురోజే తలంటుకుని, ఫ్యాక్టరీకెళ్లే రోజులా పూలు లేకుండా తయారైంది.

ఆదివారం పొద్దున్న బ్లాకు కింద ఖాళీ జాగాలో బల్ల వేశారు. నాగమల్లేశ్వరి తన బ్యాటరీ దీపం తనే తెచ్చుకుంది. జనం వరస కట్టారు.

మగ్గిపోయి నల్లబడ్డ అరటిపళ్లు ఫెయిల్. బొత్తాల్లేని చొక్కాలు ఫెయిల్. ఒక పిండి ప్యాకెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మీరు తింటారా?" అనడిగింది. ఆ పెద్దమనిషి తినను అన్నాడు. "మరి దేవుడేం పాపం చేశాడు?" అని వెనక్కి తోసింది. సూర్యకుమారి అనే బ్యాంకు ఉద్యోగిని తెచ్చిన మిక్సీని పైకి పంపి మహతి ఇంట్లో ఆడిస్తే మోత తప్ప తిప్పుడు లేదు. "నోరు పెద్దది, పని సున్నా. ఇంటికి పట్టుకుపోమ్మా." సూర్యకుమారి మొహం మాడ్చుకుని, "కాస్త పాతదైతే మాత్రం..." అంది గాని, వెనకవాళ్లు నవ్వేసరికి మిక్సీని చంకనెత్తుకుంది.

కృష్ణప్రసాద్ పక్కనే నిలబడి ప్రతి ఫెయిలుకీ శాస్త్రం చెప్తున్నాడు. ఇది కుంటిదానితో సమానం, ఇది గజ్జిదానితో సమానం. ఎవరో మంచి తేనెసీసా తెస్తే, "తేనె బలిపీఠం మీద కాల్చకూడదు!" అని అడ్డం పడ్డాడు. "కాల్చేదేటి బాబూ, రొట్టెకి రాసుకుంటారు" అని నాగమల్లేశ్వరి దాన్ని పాస్ చేసేసింది.

గంటకల్లా పాసైన వస్తువులు ఒక మూలకి సరిపోయాయి. ఫెయిలైనవాళ్లు గుంపుగా నిలబడి గుర్రుగా చూస్తున్నారు. అప్పుడు లిఫ్టులోంచి దిగింది పెద్ద అట్టపెట్టె, మీద ఎర్ర రిబ్బను. ఇరవై తొమ్మిది అంగుళాల టీవీ. జనం అబ్బో అన్నారు.

"ఇది చూడక్కర్లేదు ఆంటీ, మనదే" అన్నాడు కృష్ణప్రసాద్, రాసుకునే కాగితం తీస్తూ.

"మీదైతే మరీ చూడాలి. ఆన్ చెయ్యండి."

"ఇక్కడ ప్లగ్గు లేదుగా."

మిక్సీ మనిషి సూర్యకుమారి అప్పటికే రెండో అంతస్తు చైనా తాతగారి తలుపు తడుతోంది. ఆయన కిటికీలోంచి కరెంటు తీగ వదిలాడు. అంత చురుకుదనం ఆవిడలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

తీగ కిందికి దిగే లోపల కృష్ణప్రసాద్ నాగమల్లేశ్వరి పక్కకి వంగాడు. నవ్వుమొహం అలాగే ఉంది, గొంతు మాత్రం తగ్గింది. "ఆంటీ, మీ ఎడమకంటి సంగతి నాకు తెలుసు. రేపు పదింటికి మీ ఫ్యాక్టరీ ఆఫీసువాళ్లతో నాకు మీటింగుంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి, పాస్ అనేయండి."

నాగమల్లేశ్వరి మహతి వైపు చూసింది. మహతి తల దించుకుంది. సంగతి అర్థమైపోయింది. దీపం స్విచ్చి ఎక్కడుందో కాసేపు దొరకలేదు.

టీవీ వెలిగింది. వార్తలు చదివే ఆవిడ కనబడింది. సగం మొహం ఊదారంగు, ఒక చెంప ఆకుపచ్చ. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు వార్తలు చదువుకుపోతోంది. అంతలో కృష్ణప్రసాద్ నాలుగేళ్ల కూతురు శాలిని ముందుకొచ్చి, "టీవీ అద్దానికి మ్యాగ్నెట్ పెట్టి ఈ రంగులేసింది నేనే! డాడీ స్కోల్డ్ మీ, లా!" అంది గర్వంగా. అరటిపళ్లవాళ్లు, చొక్కాలవాళ్లు, మిక్సీవాళ్లు, అందరూ పడీపడీ నవ్వారు.

రాజారావు మంచివాడు. మధ్యలోకొచ్చి, "పర్లేదు ఆంటీ, మాకు ఊదారంగైనా ఒకటే. క్రికెట్టు కనబడితే చాలు" అన్నాడు.

ఎంత సులువైన దారి! తీసుకునేవాడే తీసుకుంటానంటున్నాడు. పాస్ అనేస్తే కంటి గుట్టూ దక్కుతుంది, కొలువూ దక్కుతుంది, ఎవరూ తప్పు పట్టరు. నాగమల్లేశ్వరికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కృష్ణప్రసాద్ మొహంలో అప్పటికే నిశ్చింత వచ్చేసింది. ఈవిడ పాసంటుందని అతనికి ముందే తెలిసిపోయినట్టుంది. అది చూసి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఫెయిల్" అంది.

"ఆంటీ..."

"రాజారావూ, నీకిది పనికొస్తుంది. నువ్వు పట్టుకుపో, నేను కాదన్ను. కానీ ప్రసాద్ బాబు ఇచ్చాడని పట్టుకుపో, దేవుడికిచ్చాడని కాదు. ఇంట్లో చెడిపోయినదాన్ని రిబ్బను కట్టి దేవుడి లెక్కలో రాయడానికి నేను ఒప్పుకోను. పొద్దుట్నుంచి అరటిపళ్లాయన్ని అన్నన్ని మాటలని, ఇప్పుడు దీన్ని పాస్ చేస్తే నా నోట్లో పురుగులు పడవూ?"

కృష్ణప్రసాద్ మొహం వార్తలావిడ చెంప రంగుకి తిరిగింది. "సరే! దోషాల గురించే మాట్లాడదాం. ఆ గుడిలో బలికే కాదు, యాజకుడికీ నియమముంది. కంట్లో లోపమున్నవాడు బలిపీఠం దగ్గరికి రాకూడదు. ఈవిడ ఎడమ కన్ను గుడ్డిది. అడగండి! ఒంటికంటితో కూర్చుని మన అర్పణలకి వంకలు పెడుతోంది!"

ఎవరూ నవ్వలేదు. నాగమల్లేశ్వరి దీపం ఆర్పింది. దాచి ఏం లాభం? "ఔను. గుడ్డిదే. ఏడాదిన్నరైంది" అంది. పెద్దగానే అన్నాననుకుంది గాని, ముందువరసకి తప్ప వినబడలేదు.

అప్పుడు మహతి కదిలింది. ఎప్పుడూ మొగుడి మాట మీద మాట అననిది. భోజనానికని తెచ్చిన పులిహోర గిన్నె మూత తీసి, పళ్లెంలో ఇంత పెట్టి, తెచ్చి నాగమల్లేశ్వరి చేతిలో పెట్టింది. "అక్కడే ఇంకో మాట కూడా ఉందండీ. లోపమున్న యాజకుడు బలి అర్పించకూడదు గానీ, దేవుడి భోజనం తినొచ్చు. అందరికంటే పవిత్రమైనది కూడా తినొచ్చు. ఆ ముక్క మీరెప్పుడూ చెప్పరేం?" అంది మొగుడితో. తర్వాత ఆంటీ చెవి దగ్గర వంగి, "నన్ను క్షమించండాంటీ, ఆయనకి చెప్పింది నేనే" అని ఏడ్చింది.

నాగమల్లేశ్వరికి కోపమొచ్చింది. ఆకలి కూడా వేసింది. ముందు తిన్నది.

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చింది. పదింటికి వాడు చెప్పేలోగా ఎనిమిదింటికి తనే చెప్పెయ్యాలి. అందులో సత్యసంధత ఏమీ లేదు, వాడి నోటి మీదుగా తన పేరు ఆఫీసుకి చేరకూడదని పంతం, అంతే.

సోమవారం తొడుగులు మార్చుకునే గదిలో సల్మాతో చెప్పింది. వాళ్లిద్దరి భాష సగం మలయ్, సగం ఇంగ్లీషు. కన్ను సంగతి చెప్పి, సూపర్‌వైజర్ దగ్గరికెళ్తున్నానంది. సల్మా ఆశ్చర్యపోలేదు. బెంచీ మీద కూర్చుని, "నాకు తెలుసు మల్లీ" అంది.

"ఎలా తెలుసు?"

"ఏడాది కిందట నీ ఎడం చేతివైపు పెట్టిన టీ కప్పు మూడుసార్లు తోసేశావు. అప్పట్నుంచి నీ నీలం ట్రేలు ముందుకెళ్లే లోపల నేను మళ్లీ చూస్తున్నాను."

పాసైందంటే పాసే అని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునే ట్రేలు. "ఎన్ని దొరికాయి?" అంది నాగమల్లేశ్వరి.

"మంచి లెక్క చెప్పనా, నిజం లెక్క చెప్పనా?"

"నిజమే చెప్పు."

"రోజుకి ఆరేడు. ఒక్కోరోజు పది."

పది! నాగమల్లేశ్వరి బెంచీ మీద కూలబడింది. నిన్న ముప్పై మంది ముందు పరువు పోతే కూడా రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. తను అరటిపళ్లాయన్ని వరసలో నిలబెట్టి కడిగేసింది. సల్మా ఏడాదిపాటు, రోజుకి పది దాకా తప్పులు, ఎవరికీ చూపించకుండా ఏరి ఎర్ర డబ్బాలో వేసుకుంటూ వచ్చింది. పక్కనే కూర్చుని, సీరియల్ కబుర్లు చెప్తూ. సిగ్గుతో ఆవిడ ఒళ్లంతా చితికిపోయింది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"లేదు" అంది నాగమల్లేశ్వరి. ముక్కు తుడుచుకుంది. "నువ్వు చూస్తున్నావని తెలిస్తే నిన్ను కూడా పీకేస్తారా?"

సల్మా తలకి తొడుగు తగిలించుకుంది. అదే జవాబు.

సూపర్‌వైజర్ గదిలో నాగమల్లేశ్వరి నిలబడే అంతా చెప్పింది. ఎడమకన్ను ఎప్పుడు మసకబారిందో, పరీక్షలో అక్షరాలు ఎలా బట్టీపట్టిందో, ఒక్కటి కూడా దాచలేదు. ఏడాదిన్నర తర్వాత నిజం చెబుతున్నందుకు లోపల ఎక్కడో తేలికగా కూడా అనిపించింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత కాగితం ముందుకు లాక్కున్నాడు.

"నీ లైన్లో ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు సార్" అంది నాగమల్లేశ్వరి, రెండు కళ్లూ బాగా తెరిచి, తిన్నగా ఆయన మొహంలోకి చూస్తూ.